ఎర్ర మీట

శంఖం మోగింది. నా వేలు గోడ మీది స్విచ్చి మీదే ఉంది, ఇంకొక్క నొక్కు నొక్కితే నాలుగు గంటల పని తేలిపోయేది, సరిగ్గా అప్పుడే మోగింది, ఎవడు ఊదాడో గానీ ఇవాళ రెండు నిమిషాలు ముందే ఊదాడు. "చెయ్యి తియ్యి, ముసలాయనా," అంది ఫువాతినో చాప మీంచి. "తీసేశాను," అన్నాను, తియ్యకుండానే. "స్విచ్చి చప్పుడు నాకు వినపడుతుంది. మొగుడివని చూడను, రేపు చర్చిలో చెప్పేస్తాను," అంది. కళ్ళు మందగించినకొద్దీ ఈ ముసలమ్మకి చెవులు పదునెక్కుతున్నాయి. తీసేశాను. వచ్చి ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నడుముకి చుట్టిన లావలావా గుడ్డ లాక్కుని పాదాలు కప్పుకున్నాను. ఇక రెండో శంఖం ఊదేదాకా లేవడానికి లేదు. మా ఇంటికి వెనకవైపు ఒక్కటే గోడ, మిగతా మూడువైపులా స్తంభాలు, రోడ్డు మీద కాపలా నిలబడ్డ కుర్రాళ్ళకి నేను చెవి గోక్కున్నా కనిపిస్తుంది. పైగా ప్రార్థనవేళ కదలకూడదన్న కట్టడి గట్టిగా అమలు చెయ్యాలని ఊరిపెద్దల సభలో బల్లగుద్ది చెప్పినవాణ్ణి నేనే, మోటారు సైకిలు తుడుచుకుంటూ దొరికిపోయిన మనిషికి చీవాట్లు పెట్టిందీ నేనే. ఇవాళ కాపలావాళ్ళతో నిలబడ్డ ఆ మనిషి ఇటే చూస్తున్నట్టుంది, చూడనీ, బుద్ధిమంతుడిలా కూర్చుంటాను.

ఫువాతినో పాట ఎత్తుకుంది, నేను కింది గొంతు కలిపాను. పక్కింట్లోంచి మా లూసియా, అల్లుడు, పిల్లలు అదే పాట పాడుతున్నారు, మాకన్నా అరచరణం ముందున్నారు. రోజూ అందరం ఇక్కడే కూర్చుంటాం, ఇవాళ మాత్రం మీ ఇంట్లోనే కానివ్వండని నేనే తరిమేశాను, చాప మీద స్క్రూలు పరిచి ఉన్నాయి, పిల్లలొస్తే ఒక్కటీ మిగలదు. స్క్రూల మధ్యలో మూత లేకుండా ఆ పెట్టె. చూస్తే జాలేస్తుంది నాకు, అంత చిన్నది, ఆఫీసుల్లో బల్ల మీద తెర కింద అణిగిమణిగి కూర్చునే రకం కంప్యూటరు. బడుల ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు పనిచేసి ఫువాతినో రిటైరయిన రోజున దండలు వేసి, శాలువాల్లా సన్న అల్లిక చాపలు కప్పి, ప్రసంగాలు చేసి, చివర్న ఆ ఏడాది పారెయ్యబోతున్న యంత్రాల్లోంచి ఆమె వాడినదాన్నే ఆమె చేతిలో పెట్టారు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది, పక్కసీట్లో నేనున్నానన్న సంగతే మరిచిపోయింది. కొత్తది కొందామని లూసియా ఎన్నిసార్లు అందో. "దీని మీట ఎక్కడుందో నా వేళ్ళకి తెలుసు. కొత్తదానితో మళ్ళీ పరిచయాలూ, మర్యాదలూ, నా వల్ల కాదు," అంటుంది. నాలుగో అక్షరం నొక్కితే కిర్రుమనే ఆ కీబోర్డు అంటేనే ఇష్టం ఆమెకి. సరే, మనిషికి దేని మీద ప్రేమ పుడుతుందో ఎవరు చెప్పగలరు, నా మీద కూడా పుట్టిందిగా.

తెల్ల ఆదివారం ఇంకా రెండు వారాలు. ఆ రోజు ఊళ్ళో పిల్లలందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వరసగా నిలబడి తలా ఒక వాక్యం అప్పజెబుతారు, తర్వాత పెద్దవాళ్ళం నిలబడి పిల్లలకి ముందు వడ్డిస్తాం. ఆ వాక్యాలు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఫువాతినో రాస్తోంది. పుస్తకంలోంచి ఎత్తి రాయదు, ఒక్కో పిల్లకి, ఒక్కో పిల్లాడికి విడివిడిగా, వాళ్ళ నోటికి సరిపోయేలా రాస్తుంది. నత్తి ఉన్నవాడికి వాడు తడుముకునే శబ్దం రానివ్వదు. కవలలకి ఒకే వాక్యం చెరిసగం చేస్తుంది, కొట్టుకోకుండా. బిడియస్థురాలికి మూడు మాటలు, గొప్పలు పోయేవాడికి ఊపిరందనంత పొడుగు. నలభై దాటిన పోలీసాయన ఒకడున్నాడు మా ఊళ్ళో, బీరు రెండు సీసాలు దాటితే తన ఆరో ఏట ఆమె రాసిచ్చిన వాక్యం అప్పజెప్పి ఏడుస్తాడు. ఈ ఏడు అరవై నాలుగు మంది పిల్లలు. పేర్లు మాత్రం లూసియా కొట్టి పెట్టింది, వాక్యాలు ఒక్కటీ రాలేదు. నువ్వు చెప్పమ్మా నేను కొడతానంటే ఒప్పుకోదు, రాసింది కంటితో చూసుకోకుండా పిల్లల నోట్లో పెట్టలేనంటుంది. పాస్టరమ్మగారు మొన్న వచ్చి చాలా మర్యాదగా, కోకో పూర్తిగా తాగి, "ఈసారి ఇంకెవరికైనా అప్పగిద్దామా అమ్మా, నీకు శ్రమ," అన్నారు. ఫువాతినో చేత్తో చాప అల్లిక తడుముతూ ఆదివారం చెబుతానంది. ఆదివారం అంటే రేపే. ఆ రాత్రి నా పక్కన పడుకుని, "ఆ పని కూడా పోతే నేనేం చెయ్యాలి, రోపాతీ," అంది. ముసలాయనా అనలేదు, పేరు పెట్టి పిలిచింది.

కంటి నడుమ భాగం ఎండిపోతోందన్నాడు ఆపియా పట్నంలో డాక్టరు, అంచులు బాగానే ఉంటాయట. అందుకే ఇప్పుడు నన్ను చూడాలంటే మొహం పక్కకి తిప్పి చూస్తుంది. "నీ చెవులు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి, మొహమే లేదు. ఏం నష్టం లేదులే," అంటుంది. అక్షరం కాస్త పెద్దదైతే చాలు అని కూడా అంది, ఆ మాట పట్టుకునే ఇదంతా మొదలెట్టాను. లూసియావాళ్ళ పెద్ద టీవీ తెచ్చి గోడకి పెట్టాను. కానీ పాపం ఈ ఆఫీసు పెట్టెకి టీవీ తీగ పెట్టుకునే రంధ్రమే లేదు. మా అక్క కొడుకు ఉయెలేసె ఆక్లండులో కంప్యూటరు ఆటలాడి ఆడి పక్కన పడేసిన గ్రాఫిక్స్ కార్డొకటి పంపాడు, దాన్ని బిగిస్తే టీవీ వెలిగింది, ఫువాతినో "అబ్బ" అనేలోపు టక్కున మొత్తం ఆరిపోయింది. "మామయ్యా, దానికి బలం చాలదు. లోపలున్న పవర్ సప్లై చిన్న ఆఫీసు పనికే. ఈ కార్డొక్కటే అందులో సగం తాగేస్తుంది," అన్నాడు ఫోనులో. పెద్ద పవర్ సప్లైలు ఆపియాలో దొరుకుతాయి, కానీ అవి ఇటుకంత లావు, ఈ పెట్టెలో పట్టవు, దీనికి సన్నగా, పొడుగ్గా, సగం రొట్టెలా ఉండేదే కావాలి. మూడు దుకాణాలు తిరిగాను. మూడోవాడు ఓ ఉచిత సలహా ఇచ్చాడు, పెట్టెని రంపంతో కొయ్యమని. చివరికి మా అక్క తెలేసియా, అమెరికా ఏలుబడిలో ఉన్న పక్క దీవిలో, పాంగోలో, ఎవరిదో మూతపడ్డ ఆఫీసులో అలాంటిదే, దీనికి రెండింతల బలమున్నది సంపాదించి, బిస్కట్ల డబ్బాలో తువ్వాలు చుట్టి ఓడ మీద పంపింది. అక్క అంటే అక్కే. నాలుగు స్క్రూ రంధ్రాల్లో మూడు కలిశాయి, మూడు చాలు. బోర్డుకి పెట్టే ప్లగ్గు కలవలేదు, దానికి మధ్యలో వేసే తీగ కూడా ఉయెలేసె ముందే పంపాడు, నల్ల తీగలు ఏ వైపు రావాలో మూడుసార్లు చెప్పాడు, నేను ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కినవాణ్ణని వాడికి గుర్తుండదు.

పాంగో నుంచి వచ్చింది. పాంగో నుంచి. పాట రెండో చరణంలో ఉండగా నా గొంతు ఆగిపోయింది, ఫువాతినో మొహం పక్కకి తిప్పి నా చెవుల వైపు చూసింది, మళ్ళీ అందుకున్నాను. వాళ్ళ కరెంటు నూట పది, మాది రెండు వందల ముప్పై. ఒక రాత్రి ఓడ ప్రయాణం, అంతే దూరం, అవే పేర్లు, అవే పాటలు, కానీ అటు అమెరికా కొలత, ఇటు మన కొలత, తేదీ గీతకి అటుపక్క కనక అక్కడింకా నిన్నటి రోజే నడుస్తోంది కూడా, మా అక్క ఇప్పుడు శుక్రవారంలో కూర్చుని ఉంటుంది. ఆ పవర్ సప్లై వెనక ఒక చిన్న ఎర్ర మీట ఉంటుంది, ఒక వైపు నూట పదిహేను, ఇంకో వైపు రెండు వందల ముప్పై. దాన్ని జరపకుండా ఇక్కడి గోడకి పెడితే పెద్ద చప్పుడొకటి, కాస్త పొగ, తర్వాత ఏమీ ఉండదు. జరిపానా నేను? మా పెళ్ళయిన నెలలో అక్క పాంగో నుంచి అన్నం వండే కుక్కరు తెచ్చింది, రెండు వైపుల చుట్టాలూ కూర్చుని చూస్తుండగా కరెంటాఫీసు పెళ్ళికొడుకుని కదా, నేను లేచి ఠీవిగా ప్లగ్గు పెట్టాను. ఆ వాసన నెలరోజులు పోలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో డాంబికాలు పోయి నిలబడలేనివాడెవడైనా నూట పది మనిషే. పాస్టరుగారి పోయిన ఏటి ఉపన్యాసాన్ని కూడా ఫువాతినో నా చెవిలో నూట పది అంది.

జరిపాను. జరిపాను, గుర్తొస్తోంది, మధ్యాహ్నం పిల్లలు రొట్టెపండు కాల్చుకుంటుంటే పొగ ఇటు వచ్చింది, కళ్ళు మండి కళ్ళజోడు తీశాను, అప్పుడే పవర్ సప్లై వెనక్కి తిప్పి స్క్రూడ్రైవరు కొసతో ఎర్ర మీటని ఆ చివర్నుంచి ఈ చివరికి నెట్టాను, టిక్కుమంది. ఆ టిక్కు నా వేలికి ఇంకా తెలుస్తోంది. హమ్మయ్య. పాంగో సరుకు చేతికి తగిలితే మీట వెతకడం నాకు ఒంటికి పట్టేసిన అలవాటు, ముప్పై ఏళ్ళు ఇరవై రెండు వేల ఓల్టుల పక్కన ఈ ఒళ్ళు నిలబడిందంటే అలవాట్ల వల్లే. ఒకసారి తుపాను వెళ్ళిన మర్నాడు కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకుని ఉంటే స్తంభం మీంచి మా ఊరి కప్పులేని ఇళ్ళన్నీ కనిపించాయి, మా ఇల్లూ కనిపించింది, కింద చిన్న చిన్న అడుగులేస్తూ ఫువాతినో తడిసిన కాగితాలు ఏరుతోంది, ఆ ఏటి పిల్లల వాక్యాలవి. నేను పైనుంచి చెయ్యి ఊపాను. అంత దూరం నుంచి నా చెయ్యి చూసి తనూ ఊపింది. అప్పట్లో ఎంత చూపు ఆమెకి.

పాట అయిపోయింది. ఫువాతినో ఒళ్ళో మా నాన్న బైబిలు విప్పుకుంది, అట్ట ఊడిపోయి నేను కరెంటు టేపు వేసి అతికించినది, వేలు వరస వెంట నడిపిస్తూ చదవడం మొదలెట్టింది. ఆమె గొంతు నాకు చాలా ఇష్టం, ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఇంకో పాట పాడమని అడుగుతున్నావా అంటుంది. ఈ అధ్యాయం మొన్న కూడా చదివినట్టుంది. నచ్చింది కాబోలు. ఈ అధ్యాయం ఆ పుస్తకంలో కుడివైపు పేజీ అడుగున మొదలవుతుంది, చిన్నప్పుడు నేను చదివిందే కదా, అయిదు వాక్యాలు కాగానే పేజీ తిప్పాలి, అక్కడే నేను తడబడేవాణ్ణి, మా నాన్న చెవి మెలిపెట్టేవాడు. అయిదు అయ్యాయి. ఆరు. ఏడు. ఆమె వేలు వరస వెంట నెమ్మదిగా పోతోంది, ఆగాల్సిన చోట ఆగుతోంది, మళ్ళీ ఎడమవైపుకి వస్తోంది. పేజీ తిప్పలేదు. తొమ్మిది, పది, గొంతులో ఒక్క తడబాటు లేదు, అధ్యాయం చివరిదాకా చదివింది, పేజీ మాత్రం తిప్పలేదు. మొన్న చదివింది, అంతకు ముందు చదివింది, అన్నీ తిరిగి తిరిగి అవే, పదో పన్నెండో అధ్యాయాలు, నోటికి వచ్చినవి. నేను ఎదురుగా కూర్చుని రోజూ వింటూ గాడిదలా తల ఊపాను. ఆ గ్రంథంలో అక్షరాలు బొటనవేలి గోరంత ఉంటాయి. అవే కనిపించనప్పుడు అక్షరం కాస్త పెద్దదైతే చాలన్న మాటకి అర్థమేమిటి, ఈ టీవీ ఏం చేస్తుంది, ఈ తీగలు, ఈ కార్డు, ఈ సగం రొట్టె ఏం చేస్తాయి. రేపు పాస్టరమ్మగారికి ఏం చెబుతుంది.

"ప్రార్థన చెయ్యి," అంది. ఇవాళ నా వంతు. కళ్ళు మూసుకుని మొదలెట్టాను, ఊరికోసం, జబ్బుపడ్డవాళ్ళకోసం, సముద్రం మీదున్నవాళ్ళకోసం, నోరు దాని దారిన అది పోతోంది, నేను లోపల వేరే అడుగుతున్నాను, దేవుడా, నాకు సిగ్గు లేదు, నేను అడిగేది ఒక డబ్బా వెలగాలని, ఆ వెలుగు ఆమెకి అందాలని, అందకపోతే నాకు ఎలా ఓదార్చాలో తెలియదు, నాకు స్క్రూలు బిగించడం ఒక్కటే తెలుసు. తల వంచి ఉన్నాను కాబట్టి కళ్ళు తెరిస్తే నా తొడే కనిపించింది. లావలావా మీద ఒక ప్లాస్టరు ముక్క అంటించి ఉంది, దెబ్బలకి వేసేది. స్తంభం మీద పనిచేసేవాడి అలవాటిది, ఊడదీసిన ప్రతి టేపు ముక్కా తొడ మీద అంటించుకుంటాం, చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. ఎక్కడ ఊడదీశాను దీన్ని? పవర్ సప్లై వెనక. ఎర్ర మీట మీద అడ్డంగా ఉంటే ఏదో కట్టుదిట్టం కోసం వేశారనుకుని పీకేశాను. దాని మీద బాల్ పెన్నుతో ఏదో ఉంది. ఇప్పుడు కళ్ళజోడు ఉంది. మా అక్క చేతిరాత, చిన్నప్పట్నుంచీ నన్ను తిట్టడానికే పుట్టిన చేతిరాత: మార్చేశాను, ముట్టుకోకు.

సముద్రం మీదున్నవాళ్ళకోసం అని రెండోసారి అన్నాను. కుక్కరు తగలబడి ముప్పై ఏడేళ్ళయినా మరిచిపోలేదన్నమాట ఆవిడ, తమ్ముడు ఎలాంటివాడో తెలుసు కనక ముందే రెండు వందల ముప్పైకి నెట్టి, పైన ప్లాస్టరు వేసి, రాసి మరీ పంపింది, ఈ తమ్ముడు అంతకన్నా జాగ్రత్తపరుడు కనక దాన్ని పీకి, కళ్ళజోడు లేకుండా, మళ్ళీ నూట పదిహేనుకి నెట్టాడు. శంఖం రెండు నిమిషాలు ముందు మోగకపోయుంటే. ఊదినవాడెవడో వాడి పిల్లలు చల్లగా ఉండాలి. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను, భుజాలు కదిలాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి, అవి నవ్వువో కావో నాకు తెలియదు. రోడ్డు మీది మనిషి నేను భక్తితో ఏడుస్తున్నాననుకుని ఉంటాడు. ఆమెన్ అన్నాను. ఫువాతినో ఆమెన్ అంది. రెండో శంఖం మోగింది, ఎప్పట్లాగే నాకన్నా ముందు ఆమె లేచింది, దీపం వెయ్యడానికి గోడ వెంట చేత్తో తడుముకుంటూ, దీపం స్విచ్చీ ఆ స్విచ్చీ పక్కపక్కనే.

"ఆగు. ముట్టుకోకు," అన్నాను.

ఆగింది. "ఏమయ్యింది?"

ప్లగ్గు పీకేశాను. పెట్టె తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, మీటని నెట్టి, అంకె పైకి చదివాను, రెండు వందల ముప్పై, మళ్ళీ చదివాను. ప్లాస్టరు కథ చెబితే స్తంభానికి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. "నిన్ను నమ్మి ఊరంతటికీ కరెంటు ఎలా ఇచ్చారయ్యా," అంది. నవ్వు తగ్గేదాకా ఆగాను. ఇంక ఉండబట్టలేదు నాకు.

"నువ్వు పేజీ తిప్పలేదు ఇవాళ."

పక్కింట్లో పళ్ళాలు పెడుతున్న చప్పుడు. "ఇవాళ చూశావా," అంది చివరికి. "ఈస్టరు నుంచీ తిప్పడం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది. వాక్యం చదవలేనిదాని చేతికి పిల్లల్ని ఎవరిస్తారు." మొహం పక్కకి తిప్పి, "నువ్వు చదువుతానంటావని కూడా భయమేసింది. నీ చదువు నేను వినలేను," అంది. దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను, స్విచ్చి మీద పెట్టాను. "నువ్వే నొక్కు," అన్నాను.

నొక్కింది. పెట్టె ముందున్న మీట ఆమె వేళ్ళకి తెలుసు, అదీ నొక్కింది. చప్పుడు లేదు, పొగ లేదు, లోపల చిన్న పంకా తిరగడం మొదలైంది, కార్డు పంకా దానికి తోడైంది, గోడ మీద టీవీ వెలిగి ఇల్లంతా నీలంగా అయింది. ఆరిపోతుందేమోనని చూశాను, ఆరలేదు. పిల్లల జాబితా తెరిచాను. "కనిపిస్తోందా?" లేదంది. పెద్దది చేశాను. లేదు. ఇంకా పెద్దది చేశాను, మూడు వరసలే పట్టాయి, ఆమె చాప మీద ముందుకి జరిగి, తల అటూ ఇటూ తిప్పి, లేదంది, ఆ రెండక్షరాల మాట ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఉయెలేసె చెప్పిన చోట చివరిదాకా లాగాను. ఇప్పుడు గోడ నిండా ఒక్కటే మాట, అక్షరం నా మూరెడుంది. ఫువాతినో మొహం పూర్తిగా సముద్రం వైపు తిప్పి, కంటి చివర్నుంచి గోడని చూసింది. నేను ఆమె పెదాలే చూస్తున్నాను.

"ఆ-ఫా," అంది. "ఆఫా. సిమెయోనా మనవరాలు. గట్టిగా అరుస్తుంది ఆ పిల్ల. దానికి మెల్లగా చెప్పాల్సిన మాటలు రాయాలి." చెయ్యి చాచింది, కీబోర్డు ఒళ్ళోకి ఇచ్చాను. ఏదో కొట్టింది, గోడ మీద ఒక మాట వచ్చింది, మొహం తిప్పి చదువుకుంది, మార్చింది, మళ్ళీ చదువుకుంది. నాలుగో అక్షరం కిర్రుమంది. నేను తెర వంక చూసి లెక్క వేసుకున్నాను, వేసుకోకుండా ఉండాల్సింది.

"ఒక్కసారికి ఒక్క మాటే పడుతోందే," అన్నాను. "అరవై నాలుగు మంది. రెండే వారాలు."

"వాళ్ళు మాత్రం ఒక్కసారికి ఎన్ని నేర్చుకుంటారు, ఒక్క మాటే కదా," అంది ఫువాతినో. "తెర జరుపు."

జరిపాను.